నరకం జాబితా, రామదాసు పద్దు

2005లో "అపరిచితుడు" వచ్చినప్పుడు మన సాఫ్ట్‌వేర్ జనాభాలో గరుడపురాణానికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అప్పటిదాకా అది ఎవరైనా పోయినప్పుడు ఆ పది పన్నెండు రోజుల్లో తప్ప ఇంట్లో చదవకూడదని పెద్దవాళ్ళు పక్కన పెట్టిన పుస్తకం. అలాంటిది అంధకూపం, కుంభీపాకం, క్రిమిభోజనం అన్న మాటలు ఆఫీసు క్యాంటీన్లో కాఫీ కప్పుల మధ్యకి వచ్చేశాయి. రిలీజ్ ముందురోజు రాత్రి బిల్డ్ పగలగొట్టినవాడికి వీటిల్లో ఏ శిక్ష వెయ్యాలీ అని జోకులు. సరిగ్గా మరుసటేడు, 2006లో, "శ్రీరామదాసు" వచ్చింది. అదే జనం, అవే థియేటర్లు. మొదటి సినిమాలో ధర్మం నిలబడాలంటే తప్పు చేసినవాణ్ణి నూనెలో వేయించాలి. రెండోదాంట్లో భక్తుడు జైల్లో దెబ్బలు తింటూ సాక్షాత్తూ దేవుణ్ణే నిలదీస్తాడు. రెండూ బాగా ఆడాయి. రెంటికీ చప్పట్లు కొట్టినవాళ్ళం మనమే.

మనిషిని దారిలో పెట్టడానికి ఏ మతమైనా వాడే పనిముట్లు ప్రధానంగా రెండు. ఒకటి భయం, రెండు ప్రేమ. "ఇది చేస్తే నరకానికి పోతావ్" అనేది ఒక పద్ధతి. "ఆయన నీవాడు, ఆయన మనసు కష్టపెట్టకు" అనేది ఇంకొకటి. ఈ రెంటిలో ఏది నిజంగా పనిచేస్తుంది? వేల ఏళ్ళ పాత ప్రశ్నే. కాకపోతే దీన్ని గాల్లో చర్చించడం కంటే ఒక ఊరిని పట్టుకుని చూడటం నయం అనిపించింది. ఆ ఊరు నేలకొండపల్లి.

ఖమ్మం పట్టణానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంటుంది. ఊళ్ళో వాళ్ళనడిగితే ఇది విరాటరాజు రాజధాని అంటారు, కీచకగుండం చూపిస్తారు. ఊరి పక్కన పెద్ద బౌద్ధ స్తూపం ఉంది. పురావస్తు శాఖ తవ్వకాల్లో విహారాల పునాదులు, సున్నపురాతి బుద్ధ విగ్రహాలు బయటపడ్డాయి. ఊళ్ళో కంచెర్ల గోపన్న, అంటే మన భక్త రామదాసు, పుట్టిన ఇల్లుగా చెప్పే చోట ఇప్పుడు ధ్యానమందిరం ఉంది. ఇక్కణ్ణుంచి ఈశాన్యంగా వెళితే పాల్వంచ, ఆ పైన అడవి, గోదావరి ఒడ్డున భద్రాచలం. ఒకే ఊళ్ళో మహాభారతం, బుద్ధుడు, రాముడు. ఇంతకంటే మంచి లాబొరేటరీ ఏం కావాలి?

ముందు బౌద్ధుల సంగతి చూద్దాం. బౌద్ధం అనగానే మనకి శాంతమూర్తి, అరమూసిన కళ్ళు గుర్తొస్తాయి గానీ, నరకాన్ని వర్ణించడంలో బౌద్ధులు ఎవరికీ తీసిపోలేదు. ఆచార్య నాగార్జునుడు ఒక శాతవాహన రాజుకి రాశాడని సంప్రదాయం చెప్పే ఉత్తరం ఒకటుంది, పేరు "సుహృల్లేఖ". స్నేహితుడికి రాసిన లేఖ అని అర్థం. టిబెటన్, చైనా అనువాదాల పుణ్యమా అని అది బతికింది. దానం, శీలం, ఓర్పు, మైత్రి, కరుణ అంటూ చక్కగా నడిచే ఆ ఉత్తరంలో ఉన్నట్టుండి నరకాలొస్తాయి. కోయడాలు, కాల్చడాలు, నూరడాలు అన్నీ ఉంటాయి. నరకం బొమ్మ చూసినా, దాని గురించి చదివినా, విన్నా ఒళ్ళు జలదరిస్తుందే, ఇక అనుభవించేవాడి సంగతేమిటి అని రాజుని అడుగుతాడు. ఏడో శతాబ్దంలో మన దేశానికొచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడ విద్యార్థులు చదువు మొదట్లోనే ఈ లేఖని కంఠస్థం చేస్తారని రాశాడు. అంటే భయం అప్పట్లోనే సిలబస్‌లో ఉందన్నమాట. అయితే ఒక తేడా గమనించాలి. బౌద్ధుల నరకం శాశ్వతం కాదు. చేసిన కర్మ ఖర్చయ్యాక బయటికి రావచ్చు. శిక్ష వేసే కోపిష్టి దేవుడు కూడా ఎవరూ ఉండడు. అయినా రాజులాంటివాడు మాట వినాలంటే మైత్రి ఒక్కటే చాలదని ఆచార్యుడికి అనిపించి ఉండాలి.

ఇక మన భాగవతం. ఇందులో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఒకటుంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పంచమ స్కంధం చివర శుకుడు పరీక్షిత్తుకి ఇరవై ఎనిమిది నరకాల జాబితా చెబుతాడు. ఏ తప్పుకి ఏ నరకం అనేది ఎర్రర్ కోడ్‌ల టేబుల్‌లా ఉంటుంది. (పోతన భాగవతం అంటాం గానీ ఈ పంచమ స్కంధం తెలుగు చేసింది గంగన, ఆరోది ఏర్చూరి సింగన.) ఆరో స్కంధం మొదలవగానే పరీక్షిత్తు, మరి ఈ నరకాల్లో పడకుండా ఉండటం ఎలా అని అడుగుతాడు. ప్రాయశ్చిత్తం చేసుకోవాలి అంటాడు శుకుడు. అప్పుడు పరీక్షిత్తు వేసిన ఎదురుప్రశ్న చూడండి. తప్పు అని తెలుసు, శిక్ష ఉందని విన్నాడు, కళ్ళారా చూశాడు కూడా. అయినా మనిషి మళ్ళీ అదే పని చేస్తున్నాడు కదా, ఇక ప్రాయశ్చిత్తం దేనికి, ఏనుగు స్నానం లాంటిది కాదా అంటాడు. ఏనుగు శుభ్రంగా స్నానం చేసి, గట్టెక్కగానే తొండంతో దుమ్ము తీసి ఒంటి మీద పోసుకుంటుందిగా, అదీ పోలిక.

ఇరవై ఎనిమిది నరకాల వర్ణన అయిన వెంటనే, విన్న మొదటి శ్రోతే, ఈ భయం పనిచెయ్యదు స్వామీ అని చెప్పేశాడన్నమాట. ఆ మాటన్నది ఏ నాస్తికుడో కాదు, ఏడు రోజుల్లో చావబోతున్న రాజు. నరకం గురించి భయపడటానికి ఆయనకంటే అర్హత ఉన్నవాడెవడు? శుకుడు కూడా కోప్పడలేదు. కర్మని కర్మతో కడగలేం అని ఒప్పుకుని, కేవలం భక్తితో కొందరు పాపాన్ని మంచుని సూర్యుడు కరిగించినట్టు పోగొట్టుకుంటారని చెప్పి, అజామీళుడి కథ మొదలుపెట్టాడు.

అజామీళుడి కథ మనకి హాస్యంగా చెబుతారు. జీవితమంతా అడ్డదార్లు తొక్కినవాడు చివరి ఘడియలో కొడుకుని "నారాయణా" అని పిలిచాడు, విష్ణుదూతలొచ్చి యమదూతల్ని తరిమేశారు, ఇదేదో షార్ట్‌కట్ లాగుందే అని. కానీ అక్కడితో కథ అయిపోలేదు. వచ్చిన ప్రాణం తిరిగి నిలబడ్డాక వాడు ఆ దూతల సంవాదమంతా విని సిగ్గుపడతాడు. ఇల్లు వదిలి గంగాద్వారం వెళ్ళి మిగతా జీవితం మార్చుకుంటాడు. పాశాలు పట్టుకుని వచ్చిన యమదూతల వల్ల వాడు మారలేదు. తనకి అర్హత లేకపోయినా ఎవరో తన తరఫున నిలబడ్డారని తెలిసి మారాడు. ఈ తేడా చిన్నది కాదు.

అలాగని భాగవతం భయాన్ని పూర్తిగా కొట్టిపారేసిందని కూడా అనలేం. ఏడో స్కంధంలో నారదుడు, గోపికలు ప్రేమతో, కంసుడు భయంతో, శిశుపాలుడు వైరంతో భగవంతుణ్ణి చేరారని చెబుతాడు. అయితే కంసుడి భయం నరకభయం కాదు, కృష్ణుడి భయం. తింటున్నా పడుకున్నా వాడికి కృష్ణుడే కనిపించాడు. ఆ ధ్యాసే వాణ్ణి చేర్చింది. శిక్షల జాబితా చదివి తరించాడని మాత్రం నారదుడు ఎవరి గురించీ చెప్పలేదు.

మన తెలుగువాళ్ళు నరకాన్ని చివరికి ఏం చేశారో కూడా చెప్పుకోవాలి. కామెడీ చేశారు. "యమగోల" 1977లో, "యమలీల" 1994లో, "యమదొంగ" 2007లో. కైకాల సత్యనారాయణ గారు "యముండ" అని గద్దించగానే హాల్లో పిల్లలు కేరింతలు కొట్టేవారు. యమలోకంలో సమ్మె చేయించిన జాతి మనది. ఏ భయాన్నయినా ఎక్కువ రోజులు వాడితే అరిగిపోతుంది అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇది మన ఒక్కరి అనుభవమే కాదు. 1741లో అమెరికాలోని ఎన్‌ఫీల్డ్ అనే ఊళ్ళో జొనాథన్ ఎడ్వర్డ్స్ అనే పాస్టరు, కోపించిన దేవుడి చేతిలో పాపులు ఎలా ఉన్నారో ఒక ప్రసంగం చేశాడు. నిప్పుల గుండం మీద సాలెపురుగులా వేలాడుతున్నారని చెబుతుంటే జనం మధ్యలోనే ఏడుపులు, కేకలు పెట్టారట. నరకభయం అనగానే ఇంగ్లీషు సాహిత్యంలో ఇప్పటికీ ఉదాహరించేది ఆ ప్రసంగాన్నే. అదే ఎడ్వర్డ్స్ 1746లో ఒక పెద్ద పుస్తకం రాశాడు. నిజమైన మతానికి మూలం ప్రేమ అనీ, నరకానికి భయపడి వణికినంత మాత్రాన మనిషి మారినట్టు కాదనీ అందులో వాదించాడు. అంతలా భయపెట్టగలిగినవాడు కూడా భయాన్ని సర్టిఫికేట్‌గా ఒప్పుకోలేదు.

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికి వద్దాం. కంచెర్ల గోపన్న పదిహేడో శతాబ్దపు మనిషి. తల్లి కామాంబ, తండ్రి లింగన్న. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా (పాలన 1672–1687) దగ్గర మంత్రాంగం నడిపిన అక్కన్న, మాదన్నలు ఇతనికి మేనమామలని సంప్రదాయం. పాల్వంచ పరగణాకి తహసీల్దారు అయ్యాడు. భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు, నగలు చేయించాడు. శిస్తు డబ్బు ఖజానాకి చేరలేదు. గోల్కొండ కోటలో ఖైదు. పన్నెండేళ్ళు అంటారు. కోటలో ఆ బందీఖానా, గోడ మీద దేవతామూర్తులు ఇప్పటికీ చూపిస్తారు. రామలక్ష్మణులే స్వయంగా వచ్చి తానీషాకి ఆరు లక్షల మొహరీలు కట్టి రసీదు తీసుకున్నారన్నది జనం నమ్మే కథ. కథని కథగా ఉంచుదాం. మనకి కావలసింది ఆ జైల్లోవిగా చెప్పుకునే కీర్తనలు.

"ఇక్ష్వాకు కులతిలక" అందరికీ తెలిసిన కీర్తనే. కానీ దాన్ని ఒక్కసారి సంగీతం తీసేసి చదవండి. అదొక ఎక్స్‌పెన్స్ రిపోర్టు! భరతుడికి పచ్చల పతకం, పదివేల వరహాలు. శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, పదివేల మొహరీలు. లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకి చింతాకు పతకం, ఒక్కోదానికీ రేటు. ఐటమ్ వారీగా లెక్క చెప్పి, ఇదంతా ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావు, మీ నాన్న పెట్టాడా, మామగారు పంపాడా అని అడుగుతాడు. చివర్లో మళ్ళీ ఆయనే దిగొచ్చి, తిట్టానని బాధపడకు, ఈ దెబ్బలు ఓర్చుకోలేక అన్నాను అని బతిమాలుకుంటాడు.

తహసీల్దారు బుద్ధి ఎక్కడికి పోతుంది, దేవుడికి కూడా పద్దు రాశాడు అని నవ్వుకోవచ్చు. కానీ ఆలోచించండి. ఈ మనిషి నరకంలో ఉన్నాడు. రూపకం కాదు, నిజంగానే. చీకటి కొట్టు, కొరడా, ఎన్నేళ్ళో తెలియని శిక్ష. గరుడపురాణంలో చనిపోయాక జరుగుతాయని చెప్పినవి ఇతనికి బతికుండగానే జరుగుతున్నాయి. భయంతో భక్తి చేసేవాడైతే ఇలాంటప్పుడు ఏం చేస్తాడు? నావల్ల ఏదో పాపం జరిగింది, క్షమించు అని లెంపలేసుకుంటాడు. లేదా పొగుడుతాడు. గోపన్న బిల్లు చేతిలో పెట్టి నిలదీశాడు. యముడి ముందు నిలబడి ఎవరూ అలా మాట్లాడలేరు. మనవాడు అనుకున్నవాడితోనే పోట్లాడగలం. భయమా, ప్రేమా అని తేల్చుకోవడానికి నాకు తెలిసిన మంచి పరీక్ష ఇదే: తిట్టే చనువు ఉందా లేదా.

ఆయన రాముడు పలకకపోతే సీతమ్మ దగ్గరికి వెళతాడు. "నను బ్రోవమని చెప్పవే" కీర్తనలో, ఇద్దరూ ఏకాంతంగా ఉన్నప్పుడు నా సంగతి కాస్త కదిలించమ్మా అని అడుగుతాడు. నాన్నకి కోపమొస్తే అమ్మ చేత రికమెండేషన్ చేయించుకోవడం ప్రతి తెలుగింట్లో ఉన్నదే. దేవుణ్ణి న్యాయమూర్తిగా చూసేవాడికి ఆ ఆలోచన రానే రాదు.

మరి రామదాసుకి యముడి భయమే లేదా? ఉంది. దాశరథీ శతకంలో ఒక పద్యం ఉంది. యమదూతలు వాకిట్లోకి వచ్చి, కఫం గొంతుకి అడ్డం పడి, చుట్టాలు చుట్టూ మూగినవేళ నీ పేరు గుర్తొస్తుందో రాదో, అందుకని ఆ పనేదో ఇప్పుడే చేసేస్తున్నాను అంటాడు. జాగ్రత్తగా చూస్తే ఇక్కడ భయం నూనె కళాయి గురించి కాదు. మర్చిపోతానేమో అన్న భయం. ఇది ప్రేమలోంచి పుట్టిన భయం. ఊరికి దూరంగా ఉన్న కొడుకుకి అమ్మ ఫోను ఎత్తలేదంటే కలిగే భయానికీ, మేనేజరు ఫోను చూస్తే కలిగే భయానికీ తేడా మనకెవరూ చెప్పక్కర్లేదు కదా! ఇక "తారకమంత్రము" కీర్తనలో అయితే లెక్క తిరగబడుతుంది. రామనామమే యమదూతల పాలిట మృత్యువు అంటాడు. భయపడాల్సింది వాళ్ళు.

ఈ ధోరణి రామదాసుతో మొదలవలేదు. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో బెజ్జమహాదేవి కథ చెప్పాడు. శివుడికి తల్లి లేదే పాపం అని ఆవిడకి దిగులు. తనే తల్లయి పసిబిడ్డకి చేసినట్టు ఆయనకి అన్నీ చేసింది. భద్రాచలం స్థలపురాణమే తీసుకున్నా, రామదాసు కంటే ముందు అడవిలో పుట్టలో ఉన్న దేవుణ్ణి గుర్తించి పందిరి వేసింది పోకల దమ్మక్క అనే కోయ స్త్రీ. రోజూ తాటిపండు నైవేద్యం పెట్టేదని చెబుతారు. ఆకలేస్తుందేమో అని పండు పెట్టింది, అంతే. ఆ క్షేత్రం మొదలైందే అక్కణ్ణుంచి.

తానీషాని మనం విలన్‌లా చూస్తాం గానీ ఆయన కథ కూడా ఇందులోదే. రాజు కాకముందు అబుల్ హసన్ దాదాపు పద్నాలుగేళ్ళు హైదరాబాదులో షా రాజు అనే సూఫీ గురువు దగ్గర శిష్యుడిగా గడిపాడు. సూఫీల్లో ఎనిమిదో శతాబ్దపు బస్రా నగరానికి చెందిన రబియా గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఆవిడ ఒక చేత్తో నిప్పు, ఇంకో చేత్తో నీళ్ళు పట్టుకుని వీధిలో పరిగెత్తిందట. ఎక్కడికమ్మా అంటే, స్వర్గాన్ని తగలబెట్టి నరకాన్ని ఆర్పేస్తాను, అప్పుడైనా జనం ఆశ, భయం లేకుండా దేవుణ్ణి ప్రేమిస్తారేమో చూద్దామని చెప్పిందట. అలాంటి సంప్రదాయంలో పెరిగిన రాజు, అలాంటి ప్రేమే ఉన్న ఉద్యోగిని ఖైదు చేశాడు. ఆ తర్వాత 1687లో గోల్కొండ ఔరంగజేబు చేతికి చిక్కింది. తానీషా దౌలతాబాదు కోటలో చనిపోయేదాకా, దాదాపు పన్నెండేళ్ళు, ఖైదీగానే ఉన్నాడు. భద్రాచలం కల్యాణానికి తానీషా పేరు చెప్పి మొదలైన ముత్యాల తలంబ్రాల ఆనవాయితీని నిజాములు, ఆంధ్రప్రదేశ్, ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం వరసగా కొనసాగిస్తూ వచ్చాయి. జైల్లో పెట్టినవాడి పేరు కూడా జనం ప్రేమతోనే నిలబెట్టారు.

సరే, ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటేస్తే నిజాయితీ కాదు. గోపన్న ఖర్చుపెట్టింది ఎవరి డబ్బు? రైతులు కట్టిన శిస్తు. మన భాషలో చెప్పాలంటే అప్రూవల్ లేకుండా బడ్జెట్ మళ్ళించాడు. రేపు ఒక కలెక్టరు ఎంత భక్తితోనైనా ఆ పని చేస్తే మనం హర్షించం, హర్షించకూడదు కూడా. ప్రేమ ఉన్నంత మాత్రాన చేసిందల్లా ఒప్పయిపోదు. ప్రేమ పేరుతో మనుషులు పక్కవాళ్ళ హక్కుల్ని తొక్కిన సందర్భాలు చరిత్రలో కొల్లలు. కాబట్టి ఆడిట్ ఉండాలి, చట్టం ఉండాలి, జైలు కూడా ఉండాలి. ఒకరి వల్ల ఇంకొకరికి నష్టం జరక్కుండా చూడటానికి ఈ లోకపు భయం అవసరమే. నా అభ్యంతరం దానితో కాదు. ఆ భయాన్ని తీసుకెళ్ళి పరలోకానికి తగిలించి, దాంతో మనిషి లోపల మంచితనం పుట్టించవచ్చు అనుకోవడంతో. జైలు భయం గోపన్న సంతకాన్ని ఆపగలిగేదేమో గానీ ఆ కీర్తనల్ని పుట్టించగలిగేది కాదు. సంతకం ఆపడం రాజ్యం పని, కీర్తన పుట్టించడం మతం పని. రెండోదాని కోసం మొదటిదాని పనిముట్టు వాడితే పరీక్షిత్తు చెప్పిన ఏనుగు స్నానమే మిగులుతుంది.

ఈ గొడవంతా ఇప్పుడెందుకంటే, మనలో చాలామందిమి ఇవాళ పిల్లల్ని పెంచుతున్నాం. కొందరు హైదరాబాదులో, కొందరు డల్లాస్‌లో, ఇంకొందరు సిడ్నీలో. వారాంతాల్లో శ్లోకాల క్లాసుకి దింపి వస్తున్నాం. వాళ్ళకి దేవుణ్ణి ఎలా పరిచయం చేస్తున్నాం? "అబద్ధమాడితే కళ్ళు పోతాయ్" అని మనకి చెప్పారు, మనమూ అదే అందించేస్తున్నాం. పిల్లవాడు ఒక అబద్ధం ఆడి చూస్తాడు. కళ్ళు పోవు. దాంతో ఆ సిస్టమ్ మీద వాడి నమ్మకం పోతుంది, దాంతోపాటు దేవుడి మీదా పోతుంది. పోయినా పర్వాలేదు అనుకునేవాళ్ళు ఉంటారు, అది వేరే చర్చ. కానీ అబద్ధం ఎందుకు ఆడకూడదో వాడికి ఎవరూ చెప్పలేదే, అదీ నా బాధ. నమ్మినవాళ్ళకి నొప్పి కలుగుతుంది అన్న ఒక్క ముక్క చెబితే, కళ్ళున్నంతకాలం అది పనిచేస్తుంది.

నేలకొండపల్లి దగ్గర స్తూపం శతాబ్దాలపాటు మట్టిదిబ్బగా మారి, తవ్వితే గానీ బయటపడలేదు. భాగవతంలోని ఇరవై ఎనిమిది నరకాల పేర్లు వరసగా చెప్పమంటే పండితులు కూడా తడుముకుంటారు. అదే గోపన్న దేవుణ్ణి తిట్టిన పాటని మాత్రం ఏ ఊరి సంగీతం క్లాసులోనైనా ఎనిమిదేళ్ళ పిల్ల అప్పజెబుతుంది, చింతాకు పతకం రేటుతో సహా. ఆ పాప ఈసారి అది పాడినప్పుడు, ఆయన దేవుణ్ణి అలా ఎలా తిట్టగలిగాడమ్మా అని పక్కన కూర్చుని ఒక్కసారి అడగండి. జవాబు వాళ్ళకి మనకంటే ముందే తెలుస్తుందని నా నమ్మకం.